కనాతు వెనుక సముద్రం

మొన్న వనపర్తిలో ఒక పెళ్ళి విందులో, కాలేజీ చదువు ముగించిన ఒక అమ్మాయి నా పక్కన చేరి, "మీరు శానేండ్లు ఓడల మీద సైర్లు చేయించిన్రట గద! ఎంత నసీబమ్మా మీది! నాకు గూడ గసుంటి నౌకరీ దొరికితె బాగుండు" అంది. ఆమె కళ్ళలో తెల్లటి తెరచాపలు, ఒడ్డు వెంబడి వరసగా దీపస్తంభాలు, చల్లటి గాలి, అన్నీ కనిపించాయి. నా నోట్లో లడ్డు ఉండడం వల్ల వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మింగేలోగా ఆ పిల్ల లేచి పోయింది. ఆ జవాబు ఇది.

ఉద్యోగమంటే ఏమిటి

నేను నాగర్‌కర్నూలు వకీలుగారి కూతురిని. మద్రాసులో బి.ఏ. చదివాను. ఆ రోజుల్లో మా వైపు బి.ఏ. చదివిన ఆడమనిషిని చూడడానికి బండ్లు కట్టుకొని వచ్చేవారు. ఉద్యోగం ఇవ్వడానికి మాత్రం ఎవరూ బండి కట్టలేదు, ఒక్క మా దొరవారు తప్ప.

మా దొరవారి సంస్థానం పేరు చెప్పను. చెప్పినా మీరు విని ఉండరు. గద్వాలకు కోట ఉంది. వనపర్తికి రాజభవనం ఉంది. ఆ రెంటి మధ్య, కృష్ణ ఒడ్డున, మా దొరవారికి ఉన్నవి రెండంతస్తుల గడి, మోకాళ్ళ నొప్పుల ఏనుగు. ఆ రెండు పెద్ద సంస్థానాలకు లేనిది, తనకు మాత్రమే ఉండవలసినది ఏమిటని ఆయన చాలాకాలం ఆలోచించి, చివరికి సముద్రం అని తేల్చుకున్నారు.

కాకినాడలో ఆయనకు ఒక జమీందారు స్నేహితుడు ఉండేవాడు. ఆ స్నేహితుడు ఒకసారి ఆయన్ను తాళ్ళరేవులో కట్టిన రెండు కొయ్యల తెరచాప ఓడ మీద ఉత్తరంగా తిప్పి తీసుకువచ్చాడు. దొరవారు తిరిగివచ్చి, కృష్ణలో తిరిగే పుట్టి తప్ప ఇంకో పడవ ఎరగని జనానికి ఏడాది పొడుగునా దీపస్తంభాల గురించి చెప్పారు. వినేవాళ్ళు దండం పెట్టి వినేవారు గనుక ఆపవలసిన అవసరం ఆయనకు తోచలేదు. ఆ తరువాత అది ఆనవాయితీ అయింది. ఏటా మాఘం దాటి గాలి దక్షిణం నుంచి వీచగానే అదే ఓడను మాట్లాడుకోవడం, కాకినాడ నుంచి కళింగపట్నం దాకా ఒడ్డు వెంబడి పోవడం, ప్రతి దీపస్తంభం ఎదుటా లంగరు వేసి ఫలహారం చేయడం. యుద్ధం వచ్చి ఆ దీపాలు ఆర్పించేదాకా ఇది సాగింది.

ఈ సైర్లలో, అంటే షికారు ప్రయాణాల్లో, దొరసానికి తోడుగా నన్ను పెట్టుకున్నారు. ఇంగ్లీషులో నా పదవి పేరు 'కంపానియన్'. గడిలో అందరూ పిలిచింది పంతులమ్మ అని.

ఏ ఉద్యోగంలోనైనా మీకు చెప్పే పని ఒకటి ఉంటుంది, మీచేత చేయించుకునే పని ఒకటి ఉంటుంది. నాకు చెప్పింది దొరసానికి సముద్రం చూపించమని. నాచేత చేయించింది సముద్రానికి దొరసాని కనబడకుండా చూడమని. ఎందుకంటే గడిలో ఘోషా. ఓడ వెనుక సగం ఆడవాళ్ళకు కేటాయించి, చుట్టూ నాలుగు వైపులా నిలువెత్తు కనాతులు, అంటే గుడారపు గుడ్డ గోడలు, బిగించి కట్టేవారు. పైన ఆకాశం, కింద చెక్క, చుట్టూ గుడ్డ. గడిలోనైతే కనీసం కోళ్ళు కనబడతాయి.

దొరసాని పేరు సుభద్రమ్మ. నాకన్నా చాలా చిన్నది. బల్మూరు దగ్గర ఒక మోతుబరి రైతు కూతురు. పెళ్ళికి ముందు జొన్నచేలో మంచె మీద నిలబడి, వడిసెలతో పిట్టలు కొట్టిన మనిషి. మొదటి సైరులో ఒక సాయంత్రం ఆమె నన్ను చెయ్యి పట్టి లాగి కనాతు చూపించింది. గుడ్డ మీద ఒక వెలుగు వచ్చి, అటునుంచి ఇటు జరిగి, పోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది.

"గిదేంది అక్కా?"

"దీపస్తంభం. పైన దీపం తిరుగుతుంటది. దాని వెలుగు మన దిక్కు వచ్చినప్పుడల్ల గిట్ల పడ్తది."

"అంటె, సముద్రానికి కట్టిన మంచె అన్నట్టు."

"అట్లనే అనుకో."

"నేను ఎక్కాలె."

అడిగింది అంతే. ఆ తరువాత ఆమె నగ అడగలేదు, పట్టు అడగలేదు. ఏటా గుడ్డ మీద వెలుగు చూసి తిరిగివచ్చేది. ఏటా అదే మాట అడిగేది. ఏటా దొరవారు "ముందటేడు చూద్దాం" అనేవారు, అంటే వచ్చే ఏడు. మిగిలిన ఈ కథంతా ఆ ముందటేడు గురించే.

పాలమూరు ఓడెక్కినప్పుడు

మీలో ఎవరైనా ఇటువంటి ప్రయాణాలు నడిపించే పనికి పోతే ఒకటి గుర్తు పెట్టుకోండి. జనం కొత్తది చూడడానికి పోతామని చెబుతారు. పోయేది తమ పాత చాప కొత్త చోట పరచుకొని కూర్చోవడానికి.

మా సామాను చూసిన కాకినాడ కూలీలు, ఊరు ఖాళీ చేసి వస్తున్నామనుకునేవారు. జొన్నపిండి మూటలు. అది అయిపోతే విసరడానికి తిరగలి. దొరవారు తాగడానికి రాగి బిందెల్లో కృష్ణ నీళ్ళు. ఓడ ఊగి ఆ బిందెలు మొదటి రోజే సగం ఒలికిపోతే, వంటమనిషి ఈరమ్మ వాటిని కాకినాడ బావి నీళ్ళతో నింపేది. దొరవారు ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకొని, "ఏమన్నా అనుండ్రి, కృష్ణమ్మ రుచి ఇంకో నీళ్ళకు రాదు" అనేవారు. వెంట వచ్చిన అతిథులు కూడా తాగి ఔనౌననేవారు. ఈరమ్మ నావైపు చూసేది కాదు. చూస్తే ఇద్దరం నవ్వేవాళ్ళం, ఇద్దరి ఉద్యోగాలూ పోయేవి.

రెండో ఏడు బర్రెను తెచ్చారు. దొరవారికి పొద్దున్నే గుమ్మపాలు కావాలి. అందుకని పెబ్బేరు అంగడిలో ఎంచి కొన్న బర్రెను రైలెక్కించి కాకినాడ చేర్చి, కడుపు కింద పట్టీలు కట్టి కప్పీ మీద ఓడలోకి లేపారు. గాల్లో వేలాడుతూ అది నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. చదువుకున్నదానివి, నువ్వైనా చెప్పలేకపోయావా అన్నట్టు చూసింది.

సరంగు నూకరాజు ఓడ నడిపేవాడు. తాళ్ళరేవు మనిషి. నోరు పెద్దది. దొరవారు మొదటి ఏడే అతనికి జరీ తలపాగా బహూకరించారు. ఆనాటి నుంచి అతను ఏ వెర్రి పనికైనా "చిత్తమండి" అనేవాడు. ఆ తలపాగా పోకుండా ఉండడానికి ఓడనే పోగొట్టుకునేందుకు సిద్ధం. అటువంటి సరంగు కూడా బర్రెను చూసి తల గోక్కున్నాడు.

"బర్మాకి బియ్యం తీసుకెళ్ళానండి. మద్రాసుకి కొబ్బరికాయలు తీసుకెళ్ళానండి. గేదె మట్టుకు ఇదే మొదలండి. కడుపులో తిప్పుద్దంటారా దీనికి?"

తిప్పింది. మరునాటికి బర్రె పాలు ఎండగట్టింది. దొరవారు కబురు మీద కబురు పంపారు. నేను పోయి అడిగాను.

"ఏమైంది ఈరమ్మా?"

"ఏమైతది? దానికి తల తిరుగుతుంది. నాకు తిరుగుతలేదా? ఒక్కరన్న అడిగిన్రా? అందరు బర్రె సంగతే అడుగుతుండ్రు!"

అతిథుల సంగతి ఎక్కువ చెప్పను. చాలామంది బతికే ఉన్నారు. ఒక తహసీల్దారుగారు ప్రతి దీపస్తంభాన్నీ చూసి "దీని కింద ఎంత భూమి ఉన్నది? శిస్తు ఎవరికి ముడ్తది?" అని అడిగేవారు. ఒక కవిగారు సముద్రం మీద ఆశువుగా చెబుతానని బయలుదేరి, మూడు రోజులు ఓడ అడుగు గదిలో బకెట్టును కౌగిలించుకొని పడుకున్నారు. ఆ తరువాత ఆ మూడు రోజుల మీద చాలా గంభీరమైన పద్యాలు వచ్చాయి. బకెట్టు ప్రసక్తి వాటిలో లేదు.

పేష్కార్ సాబ్

నా పై అధికారి పేష్కార్ వెంకట్రావు. దొరవారి కాగితాలు, కచేరీ, ఏనుగు, సైరు అన్నీ ఆయన చేతిలోనే. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఎక్కడో ఒకచోట అలసిపోయేవాడు. ఆయన జాగ్రత్తపరుడు. జాగ్రత్తపరుల కింద పనిచేయడం ఎంత ప్రమాదమో మీకు కాలేజీలో చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను.

ఆయన జాగ్రత్తలు రెండు చెబుతాను. మొదటిది పాట గురించి. పెద్ద లంగరు ఎత్తేటప్పుడు ఓడ పనివాళ్ళు, కళాసీలు, హైలెస్సా పాడతారు. ఆ పాటలో సముద్రమూ వస్తుంది, సముద్రంతో సంబంధం లేని వదినా మరదళ్ళూ వస్తారు. ఆ మాటలు దొరసాని చెవిన పడరాదని పేష్కార్ పాట నిషేధించాడు. పాట లేకుండా పెద్ద లంగరు లేవదని కళాసీలు అన్నారు. అయితే పెద్దది వేయకండి, నోరు మూసుకొని ఎత్తగలిగే చిన్నది వేయండి అన్నాడు. సరంగు తన జరీ తలపాగా సర్దుకొని "చిత్తమండి" అన్నాడు. పెద్ద లంగరు మీద మా జొన్నపిండి మూటలు పేర్చారు.

రెండోది గుడ్డ గురించి. పాత కనాతులు పలచబడ్డాయని, ఎండ పడితే నీడలు కనబడుతున్నాయని ఆయనకు బెంగ. గద్వాల నేతగాళ్ళను పిలిపించి, చూపు చొరరాని గుడ్డ నేయమన్నాడు. పట్టంచు చీరలు నేసే చేతులకు ఆ మోటు నేత పని అప్పజెప్పాడు. వాళ్ళు ఊరుకుంటారా? పంతానికి నేశారు. తెచ్చి పరిచిన రోజు పెద్ద నేతగాడు మీసం దువ్వుకొని, "చూపు గాదు సార్, గాలి గూడ పోదు. నీళ్ళు పోసి చూడుండ్రి, బొట్టు కారితె నా మగ్గం కాలబెడ్త" అన్నాడు. పోసి చూశారు. బొట్టు కారలేదు. అంచు లేకుండా గుడ్డ నేయడం వాళ్ళ వల్ల కాదు గనుక కనాతులకు పొడుగునా జానెడు ఎర్ర అంచు కూడా వేశారు. పేష్కార్ మురిసిపోయాడు. నేనూ చేత్తో తడిమి, ఎంత మంచి నేత అని మెచ్చుకున్నాను. ఓడ మీద గాలి పోని గుడ్డను ఏమంటారో ఆ గడిలో ఎవరికీ తట్టలేదు. తెరచాప అంటారు.

అరచెయ్యంత దిక్కు

నాలుగో ఏడు సుభద్రమ్మ గడిలోనే అడ్డం తిరిగింది. దీపస్తంభం ఎక్కిస్తేనే వస్తానంది. అప్పటికే అతిథులు భార్యలతో సహా వస్తామని కబురు చేశారు. దొరసాని లేకుండా ఆడ అతిథులను ఓడ ఎక్కించరాదు. దొరవారికి దారి లేక, "సరే, ఈసారి ఎక్కిస్త" అన్నారు. నా ఎదుటే అన్నారు.

భీమునిపట్నం దాటాక ఒక మెట్ట మీద దీపస్తంభం ఉంది. దాని పేరు చెబితే అక్కడి ఉద్యోగికి ఇబ్బంది, వదిలేయండి. మధ్యాహ్నం దాని దగ్గరికి వస్తుండగా పేష్కార్ నన్ను పిలిచాడు.

"పంతులమ్మా, దొరసానమ్మకు చెప్పుండ్రి. ఎక్కుడు కుదరదు. ఓడ నుంచి మెట్ట దాక కట్టనీకి కనాతులు సరిపోవు. కానీ ఆమె ఎక్కే తిప్పలు లేకుంట దీపస్తంభాన్నే దగ్గరికి తెస్తున్న."

"అది నడిచొస్తదా పేష్కార్ సాబ్?"

"ఓడ పోతది. సరంగుకు చెప్పిన, ఒడ్డుకు బాగ దగ్గరికి కొట్టమని. కనాతుకు గింత కిటికీ కోపిస్త." అరచెయ్యి చూపించాడు.

"ఒక కన్నుకా, రెండు కండ్లకా?"

"మీతోని మాట్లాడుడు కష్టం."

"మాట్లాడకుంటనే గదా నాలుగేండ్ల సంది నడిపిస్తుండ్రు."

తిన్నగా దొరవారి దగ్గరికి పోయాను. ఆయన ముందు భాగంలో పెద్ద కుర్చీలో, పెద్ద తలపాగాతో కూర్చొని ఉన్నారు. ఆయన్ను తలపాగా లేకుండా చూసినవాళ్ళు లోకంలో ఇద్దరే ఉండేవారు, దొరసాని, మంగలి.

"దొరవారూ, మీరు మాట ఇస్తిరి."

"చూపిస్త అన్న. ఎక్కిస్త అన్ననా?"

"ఎక్కిస్త అనే అన్నరు. నేను ఆడనే ఉంటి."

"దీపం కాడి మాస్టరు మొగోడు గద పంతులమ్మా. కళాసీలు మొగోళ్ళు. ఒడ్డు మీద బెస్తోళ్ళు మొగోళ్ళు. ఘోషా ఏం గావాలె?"

"సముద్రుడు గూడ మొగోడే దొరవారూ. నాలుగేండ్ల సంది ఆయన మీదనే పండుకోబెడ్తుండ్రు ఆమెను."

దొరవారు పకపకా నవ్వారు. దొరలు నవ్వారంటే అర్జీ కొట్టేసినట్టు. ఈ సంగతి చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. నా చమత్కారాలతో ఆయన పొద్దు గడిచేది, నా పని మాత్రం గడిచేది కాదు. మీ అధికారిని నవ్వించకండి, అమ్మాయిలూ. వాళ్ళు నవ్వు ఉంచుకొని విషయం వదిలేస్తారు.

కనాతు లోపలికి పోయి సుభద్రమ్మకు కిటికీ సంగతి చెప్పాను. ఆమె ఏడవలేదు. కోసిన ఆ రంధ్రం వైపు చూసింది.

"మా మంచెకు నాలుగు దిక్కులుండె అక్కా. నాకు అరచెయ్యంత దిక్కు ఇస్తుండ్రా?"

ఆ రంధ్రానికి తన చేతిగుడ్డ అడ్డం పెట్టి, పిన్ను గుచ్చేసింది.

కత్తిపీట

ఓడ ఒడ్డుకు దగ్గరగా, చిన్న లంగరు మీద, పాట లేకుండా ఆగింది. కొత్త కనాతులు నాలుగు వైపులా బిగించి ఉన్నాయి. పగటి మూడో జాము దాటాక సముద్రం మీది నుంచి గాలి లేచింది.

మొదట ఎర్ర అంచు పొంగింది. తరువాత గుడ్డంతా లోపలికి కడుపులా ఉబ్బింది. ఓడ మూలిగింది. నా చాయ్ కప్పు తనంతట తాను జరిగి సుభద్రమ్మ కప్పు పక్కకు పోయి కూర్చుంది. ఈరమ్మ కుట్టు సందులోంచి బయటికి చూసి కేకపెట్టింది.

"దొరసానమ్మా! ఒడ్డు మన దిక్కు ఉరికొస్తుంది!"

పేష్కార్ మాట తప్పలేదని ఒప్పుకోవాలి. దీపస్తంభం నిజంగానే దగ్గరికి వస్తోంది. చిన్న లంగరు ఇసుకలో నాగలిలా దున్నుకుంటూ వస్తోంది. పెద్దది వేయడానికి కళాసీలు పరిగెత్తి జొన్నపిండి మూటలు లాగుతున్నారు. అవతలి నుంచి సరంగు గొంతు వినబడింది.

"కనాతులు దించెయ్యాలండి! గాలంతా వాటికే పట్టేసిందండి! ఒరేయ్, లోపలికెళ్ళి తాళ్ళు కొయ్యండ్రా!"

వెంటనే పేష్కార్ గొంతు. "లోపలికి ఒక్కడు పోవద్దు! ఘోషా ఉన్నది!"

"ఘోషా ఉంటదండి, ఓడ ఉండదండి!"

దొరవారి గొంతు. "సరంగూ! పోనియ్యి! కానీ అందరు కండ్లు మూసుకొని పోవాలె!"

"కళ్ళు మూసుకుంటే తాళ్ళెక్కడున్నాయో మీరొచ్చి చెప్తారాండీ?"

ఆ చర్చ ఎంతసేపు సాగేదో తెలియదు. మగవాళ్ళు ఆడవాళ్ళ మర్యాద గురించి మాట్లాడుకునేటప్పుడు ఓడ మునగడం చిన్న విషయం. ముడులన్నీ లోపలి వైపే ఉన్నాయి. నేనూ ఈరమ్మా గోళ్ళు విరిగేలా లాగాం. గాలికి బిగుసుకుపోయి ఒక్కటీ ఊడలేదు. అప్పుడు సుభద్రమ్మ వంట మూలకు పోయి కత్తిపీట ఎత్తుకొచ్చింది. కత్తిపీట ముందు కూర్చొని వంకాయలు తరగడం అందరికీ తెలుసు. కత్తిపీటనే చంకన పెట్టుకొని తాడు మీదికి పోవడం నేను చూడడం అదే మొదలు. పీటను రొమ్ముకు అదిమిపట్టి, జొన్నకర్ర కోసినట్టు కోసింది. ఒక తాడు, రెండో తాడు. మొదటి కనాతు ఫెళ్ళున ఊడి, కనాతుల వాకిట చేతులు చాచి నిలబడ్డ పేష్కార్‌ను చుట్టేసి కింద పడేసింది. దాని వెనుకే ఊడినది దొరవారి మీదుగా ఎగిరి తలపాగాను ఎత్తుకొని సముద్రంలోకి పోయింది. మూడోదీ దాని వెంట పోయింది.

సముద్రం కనబడింది. నాలుగేళ్ళ తరువాత.

ఇంకో సంగతి కూడా కనబడింది. ఎవరి చూపు పడుతుందని అన్నేళ్ళు భయపడ్డామో, ఆ కళాసీల్లో ఒక్కడూ ఆమె వైపు తిరిగి చూడలేదు. వాళ్ళకు పని ఉంది.

గాలి పట్టు తప్పింది. పెద్ద లంగరు పడింది. అయినా ఓడ మెల్లగా ఇసుక మీద ఆని, ఒక పక్కకు కొంచెం ఒరిగి ఆగింది. ప్రాణభయం లేదని, పోటు రాగానే తనే తేలుతుందని, అందాకా ఆడవాళ్ళు ఒడ్డున ఉంటే మంచిదని సరంగు చెప్పాడు. అప్పటికే ఊరి బెస్తవాళ్ళంతా నీళ్ళలోకి దిగి మా కనాతులు లాక్కుంటున్నారు. ఒక ముసలావిడ ఎర్ర అంచు పట్టుకొని అరిచింది.

"ఇదేటి కోకే తల్లీ! తాటిచెట్టుకి కడతారేటి?"

జనమంతా గొల్లుమన్నారు. ఆ నవ్వు దొరవారికి తగిలింది. "నా రుమాల్! నా రుమాల్ తెండ్రి!" అంటూ తలపాగా కోసం అరిచి, ఆయన రెండు చేతులతో నున్నటి తల కప్పుకొని, వేలాడుతున్న చివరి కనాతును లాగి తన చుట్టూ తిప్పుకున్నారు.

సుభద్రమ్మ ఆయన దగ్గరికి పోయింది. కత్తిపీట ఇంకా చేతిలోనే ఉంది. గొంతు మాత్రం ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"గదొక్కటే మిగిలింది. నాకు కట్టిస్తరా, మీరే ఉంచుకుంటరా?"

దొరవారు ఒడ్డు మీది జనం వైపు చూశారు. ఆమె వైపు చూశారు. కనాతు వదలలేదు.

"ఉంచుకోండ్రి" అంది ఆమె. కత్తిపీట ఈరమ్మకు ఇచ్చి, కొంగు తల మీదికి లాక్కొని, ఓడ పక్కకు వచ్చిన బెస్తవాళ్ళ పడవలోకి దిగింది. పేష్కార్ అప్పుడే గుడ్డలోంచి బయటపడి "పంతులమ్మా, ఆపుండ్రి! ఆమె ఎటు పోతుంది?" అన్నాడు.

"దీపస్తంభం దగ్గరికి తెస్తిరి గద పేష్కార్ సాబ్. మర్యాదకు పోయి వస్తం" అన్నాను. నాకు గుర్తున్నంతలో ఎవరినీ నవ్వించకుండా నేను పని జరిపించుకున్నది ఆ ఒక్కసారే.

మంచె

దీపం కాడి ఉద్యోగి పెద్దమనిషి. తలుపు దగ్గర పక్కకు తప్పుకొని, మెట్లు చుట్టు తిరుగుతాయి జాగ్రత్త అని మాత్రం చెప్పాడు. నేను గోడ పట్టుకొని, బి.ఏ.ను తిట్టుకుంటూ ఎక్కాను. సుభద్రమ్మ మంచె ఎక్కినట్టే ఎక్కింది. నేను పైకి చేరేసరికి ఆమె బయటి వసారాలో కమ్మీ పట్టుకొని ఒక చుట్టు తిరిగివచ్చి రెండో చుట్టు మొదలుపెట్టింది.

"నాలుగు ఉన్నయి అక్కా" అంది. దిక్కులు.

పొద్దు వాలింది. ఉద్యోగి దీపం వెలిగించడానికి వచ్చి, గాజు చుట్టూ దించి ఉన్న తెల్లటి తెరలు ఒక్కొక్కటే పక్కకు జరిపాడు.

"దీనికి గుడ ఘోషానా?" అన్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది?

"పగటి ఎండకి గాజు పాడవకుండా వేస్తామండి. సాయంత్రం తీసెయ్యాల. లేపోతే దీపం ఎందుకండి?" అన్నాడు. అతనికి అది ఉద్యోగం. పొద్దున్నే తెరలు దించడం, సాయంత్రం తీయడం. నా ఉద్యోగంలో రెండో సగం లేదు.

దీపం తిరగడం మొదలైంది. వెలుగు నీళ్ళ మీద పడి, బెస్తవాళ్ళ పడవల మీదుగా జరిగి, ఒరిగి ఉన్న మా ఓడ మీదికి వచ్చింది. కళాసీలు తాళ్ళు సర్దుతున్నారు. ఇప్పుడు ఎవరూ వద్దనేవాళ్ళు లేక గొంతెత్తి హైలెస్సా పాడుతున్నారు. వదినా మరదళ్ళు మెట్ట మీద దాకా వినబడుతున్నారు. వెనుక భాగాన ఎర్ర అంచు కనాతు ఒకటి నిలువునా కట్టి ఉంది. దాని లోపల దొరవారు, తలపాగా వచ్చేదాకా, ఒంటరిగా కూర్చొని ఉన్నారు. వెలుగు ఆ గుడ్డ మీద పడింది. అటునుంచి ఇటు జరిగింది. పోయింది.

సుభద్రమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కమ్మీ మీద మోచేతులు ఆనించి, వెలుగు మళ్ళీ తిరిగి వచ్చేదాకా ఆ కనాతునే చూసింది.

"పాపం" అంది. "ఆయనకు గిప్పుడు బట్ట మీది వెలుగే కనబడ్తది."